కోడిపుంజు లేని ఇల్లు

ఊటగరువులో ముప్పై రెండు గడపలు. ముప్పై ఒక్క గడపల్లో కోడిపుంజు ఉంటుంది. లేనిది ముత్యాలమ్మ ఇంట్లోనే.

అరకు కొండల్లో పుంజు లేని ఇల్లంటే మాటలా? జొరమొస్తే పుంజు కావాలి, చోళ్ళు చల్లితే పుంజు కావాలి, చుట్టం గడప తొక్కితే పుంజు కావాలి. అలాంటిది ఈ ఇంటి వాకిట్లో పెట్టలే తిరుగుతాయి. కోడిపిల్లల్లో దేనికైనా తోక ఈకలు వంపు తిరిగాయంటే ఆ పూటే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. దేవతకి పుంజు మొక్కితే ఊరి పక్క పారే గెడ్డ అవతలే కోయించి, మాంసం మాత్రం ఇంటికి తెచ్చుకుంటారు. ఊళ్ళోవాళ్ళు దీనికి వెనకాల నవ్వుకుంటారు గానీ ముత్యాలమ్మ ఎదట నవ్వరు. ఆవిడ ఆశా కార్యకర్త. ఎవరి పిల్లకి ఏ సూది ఎప్పుడు పడాలో ఆవిడ పుస్తకంలో ఉంటుంది మరి!

ఆ ఇంట్లో ఇంకో ఆచారం కూడా ఉంది. నిద్రపోతున్న మనిషిని గొంతెత్తి లేపకూడదు. పేరు పెట్టి పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, గిన్నె మోగించకూడదు. కాళ్ళ దగ్గర కూర్చుని కుడికాలి బొటనవేలు మెల్లగా నొక్కాలి. కళ్ళు తెరిచేదాకా నొక్కుతూనే ఉండాలి.

పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ముత్యాలమ్మ ఇదంతా చూసి ముక్కున వేలేసుకుంది. పుట్టింటివాళ్ళు పంపిన ఎర్ర పుంజుని అత్త అప్పలనర్సమ్మ ఊరి పొలిమేర దగ్గరే ఆపేసింది.

"కోడలు గుంట రావొచ్చు. అది మాత్రం రాకూడదు," అంది.

"ఏటత్తా, అదేటి సేసింది నిన్ను?" అని అడిగింది ముత్యాలమ్మ. కొత్త కోడలికి అంత నోరేమిటని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

అత్త కోప్పడలేదు. "మా ఇంట్లో పిలిసేదొకటున్నాదే. నిద్దరోయినోళ్ళని ఒక్క కేకేత్తాది. ఆ కేక ఇన్నోళ్ళు మరి లెగరు. మా మామ అలగే పోనాడు. నా పెద్దగుంటకి పదమూడేళ్ళు. పుంజు కూత్తే ఉలిక్కిపడి లెగిసి కూకుంది. నాకేసి సూసింది. పడిపోనాది. అంతే," అంది.

పదో తరగతి దాకా చదివిన పిల్ల, ఇలాంటివి నమ్ముతుందా? నమ్మలేదు. ఆరేళ్ళ తర్వాత నమ్మింది. మొగుడు దొన్ను ఘాట్ రోడ్డు పనికి వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని నలుగురితో పాటు చెట్టు కింద కునుకు తీస్తుంటే, మలుపు అవతల బండకి మందుగుండు పేల్చారు. మిగతా నలుగురూ ఉలిక్కిపడి లేచి, పేల్చినవాడి వంశాన్నంతా తిట్టి, మళ్ళీ పడుకున్నారు. దొన్ను లేవలేదు. రాయి ముక్క కూడా అంత దూరం రాలేదు. ఒంటిమీద ఒక్క గీత లేదు. అప్పటికి అతనికి ముప్పై ఒకటి నిండలేదు. పెద్దపిల్ల రత్నకి ఐదేళ్ళు, చిన్నపిల్ల మాధవికి రెండు.

అత్త మరుసటేడు ముసలితనంతో పోయింది. బొటనవేలు నొక్కే పని ముత్యాలమ్మకి మిగిలింది. ఒకప్పుడు ముక్కున వేలేసుకున్నామె ఇప్పుడు రోజూ తెల్లవారుజామున పిల్లల కాళ్ళ దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి, వేళ్ళు నొక్కేది. రత్న కళ్ళు తెరిచి, "అమ్మా, గిలిగింతలు," అనేదాకా ఆవిడ ప్రాణం కుదుటపడేది కాదు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి.

రత్న అరకులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నప్పుడు మొదటిసారి పడింది. పొద్దున్న లేపే గంట గది పక్కనే మోగింది. పిల్ల మంచం మీద లేచి కూర్చుని, కళ్ళు తేలేసి, కొయ్యలా బిగుసుకుని కింద పడింది. అర నిమిషంలో తేరుకుని, "ఏటైంది?" అని అడిగింది. వార్డెను ఫిట్సు అన్నది. ముత్యాలమ్మ కొండ దిగి వచ్చి, పిల్ల మొహం చూసి, "కాదు మేడమ్. ఇది మా ఇంటిది," అంది. ఆ రోజే రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళింది. దారిలో సొరంగం వచ్చినప్పుడల్లా ఇంజను కూత వేస్తుందని పిల్ల చెవులు రెండూ అరచేతులతో మూసి కూర్చుంది. ఎదటి సీటులో వాళ్ళు పిచ్చిదేమో అనుకున్నారు. అనుకోనీ.

గుండె డాక్టరు అనురాధ ఓపికగల మనిషి. ఈసీజీ తీసి, గీతలు స్కేలుతో కొలిచింది. అంచు మీద ఉంది, అటూ కాదు ఇటూ కాదు అంది. ఇంట్లో ఇలా ఎవరైనా పోయారా అని అడిగింది. ముత్యాలమ్మ చెప్పుకుంటూ పోయింది. మామగారి తండ్రి, ఆడపడుచు, మొగుడు. పుంజు సంగతి చెప్పేసరికి డాక్టరమ్మ పెన్ను ఆగింది. బొటనవేలి సంగతి చెప్పేసరికి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"మీ అత్తగారు మా కాలేజీలో పాఠం చెప్పాల్సిన మనిషండీ," అంది చివరికి.

రక్తం తీసి జన్యు పరీక్షకి పంపారు. నెలకి ఫలితం వచ్చింది. గుండెకి సంబంధించిన ఒక జన్యువులో ఒక్క అక్షరం తేడాగా ఉందట. అది చెడ్డ తేడానా, పుట్టుమచ్చలా ఉత్తినే ఉన్న తేడానా అంటే, తెలీదు. ఇంతకు ముందు ఇంకెవరిలోనూ కనపడినట్టు లేదు. "అర్థం ఇంకా తేలలేదమ్మా. అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను," అంది అనురాధ. "తేలాలంటే ఒక దారుంది. బెంగుళూరులో ల్యాబు ఉంది. రత్న రక్తం నుంచి గుండె కణాలు పెంచుతారు. ఆ తేడా వాటినేం చేస్తోందో కళ్ళతో చూస్తారు. ఏడాది పట్టొచ్చు. ఈలోగా పిల్లకి ఏ మందు వెయ్యాలన్నా ముందు నాకు ఫోన్ చెయ్యండి. ఏ మందైనా సరే."

రత్న నవ్వింది. "నా గుండె బెంగుళూరు ఎల్తాదా మేడమ్? నానెప్పుడూ ఎల్లలేదు," అంది. సంతకం గుండ్రంగా పెట్టింది.

ఇక్కడే ముత్యాలమ్మ పొరపాటు పడింది. చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను. మనిషికి కావలసిన మాటే చెవిలో పడుతుంది. తిరుగు రైల్లో ఆవిడ వంద సార్లు అనుకుంది: తేలలేదంటే లేనట్టే. ఉంటే తేలును కదా! ఆసుపత్రివాళ్ళిచ్చిన కిట్టు మీద జొరానికి రక్తం చూస్తే గీత వస్తుంది, లేదా రాదు. రాకపోతే జొరం లేదు. పదమూడేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే. తేలనిది అనే మూడో ముక్క ఆవిడ కిట్టులో లేదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. సెలవుకి ఇంటికొచ్చిన రత్నకి చలిజొరం తగిలింది. ముత్యాలమ్మ వేలు గుచ్చి కిట్టు మీద చుక్క వేసింది. మలేరియా గీత ఎర్రగా వచ్చింది. సంచిలోంచి గోళీలు తీసి ఇచ్చింది. ఆ గోళీలు ఆవిడ ఈ కొండల మీద ఎన్ని వందలమందికి ఇచ్చిందో, ఎంతమందిని మంచంలోంచి లేపిందో! ఏజెన్సీలో అది మందు కూడా కాదు, ఉప్పులాంటిది. దానికోసం కొండ మీది సిగ్నల్ బండ దాకా వానలో ఎక్కి విశాఖ డాక్టరుకి ఫోను చెయ్యాలని ఎవరికి తోస్తుంది? తోచలేదు.

రెండో రోజు సాయంత్రం ముత్యాలమ్మ తమ్ముడు గాసి గొడుగేసుకుని వచ్చాడు. మేనకోడలికి జొరమని విని, మేనమామ చెయ్యవలసిన మర్యాదగా చంకలో పుంజుని పెట్టుకుని వచ్చాడు. అక్క మండిపడింది.

"ఓరి నీ బుద్ధి గడ్డి తినా! ఈ ఇంటి సంగతి తెలీదేటి నీకు?"

"దిట్టి తియ్యడానికి తెచ్చినానప్పా. వాన తగ్గితే గెడ్డ అవతలికి తీసుకెల్లి కోసేత్తాను," అన్నాడు గాసి.

వాన తగ్గలేదు. పుంజుని పశువుల పాకలో బుట్ట కింద మూసి, పైన గోనె కప్పి, గోనె మీద రాయి పెట్టారు. తెల్లవారుజామున ముత్యాలమ్మ లేచి, రత్న కాళ్ళ దగ్గరికి వెళ్ళి, బొటనవేలి మీద చెయ్యి వేసిందో లేదో, బుట్ట కింద నుంచి అది కూసింది.

రత్న లేచి కూర్చుంది. తల్లికేసి చూసింది. అత్త ఎప్పుడో చెప్పినట్టే, అచ్చం అలాగే చూసింది. ముత్యాలమ్మ చేతిలో వేలు ఉండగానే పిల్ల పక్కకి ఒరిగిపోయింది.

ఆ పొద్దున్న ముత్యాలమ్మ తమ్ముణ్ణి అన్న మాటలు ఊరంతా విన్నది. నా గుంటని సంపడానికొచ్చినావురా, ఈ గడప తొక్కితే నీ కాళ్ళు ఇరిగిపోతాయిరా అంది. గాసి వానలో అలాగే నిలబడి విన్నాడు. ఆ తర్వాత ఊరికి అతను పుంజు గాసి అయిపోయాడు. సంతలో పిల్లలు అతని వెనక కొక్కొరోకో అనేవారు. అతను తలొంచుకుని పోయేవాడు.

పోయినవాళ్ళ నీడని వీళ్ళు డుమా అంటారు. పన్నెండో నాడు ఆ డుమాని ఇంట్లోకి పిలుచుకోవాలి. పొయ్యి పక్కన నేల మీద బూడిద జల్లెడ పట్టి పరుస్తారు. ముహూర్తం చూసే దిసారి మంగ్లు గుమ్మంలో కూర్చుంటాడు. అయినవాళ్ళు దీపంతో దారి చూపించి పిలుస్తారు. తర్వాత బూడిద మీద ఏదో ఒక ఆనవాలు, పిట్ట అడుగంతదైనా, పడుతుంది. రత్నకి పడలేదు. నెలకి మళ్ళీ చేశారు, పడలేదు. ఆరో నెలలో మూడోసారి చేసినప్పుడు మంగ్లు బియ్యపు గింజలు చాటలో వేసి, చాలాసేపు చూసి, చాట కింద పెట్టేశాడు.

"ఇది రాదు ముత్తేలమ్మా," అన్నాడు.

"ఏటి మావా, ఎందుకు రాదు?"

"గుండె ఇంకా కొట్టుకుంతన్నాది. ఎక్కడో దూరం. సల్లగా, తెల్లగా ఉన్న గదిలా ఉన్నాది. సచ్చినోళ్ళది కాదది. నానెన్నడూ ఇలాంటిది సూడలేదు."

బెంగుళూరు సంగతి ముత్యాలమ్మ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పిల్ల పోయాక ఆ ల్యాబు వాళ్ళు ఫోన్ చేసి, కణాలు పెరుగుతున్నాయి, ఆపమంటారా అని అడిగితే, ఏడుస్తూ కానీండి అన్నదే తప్ప, ఆ మాట మాధవికి కూడా చెప్పలేదు.

"అది ఆగినదాకా అక్క ఇంటికి రాదు. రాలేక సెల్లిని పిలుత్తాది," అన్నాడు మంగ్లు, మాధవి వైపు చూడకుండా.

మాధవికి అప్పుడు పదిహేనో ఏడు. రత్న పోయాక దానికీ రక్తం తీశారు. అదే తేడా అక్షరం ఉంది. ఈసీజీ మాత్రం బాగుంది. అనురాధ ముందుజాగ్రత్తకని ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర రాసింది. పిల్ల పరుగు పందాల్లో జిల్లా దాకా వెళ్ళినది. మాత్ర వేసుకుంటే కాళ్ళు బరువెక్కుతున్నాయని ఏడ్చేది.

"తేలలేదన్నారు కదమ్మా. తేలలేదంటే లేనట్టే కదా! అక్క పుంజు వల్ల పోనాది. నానెందుకు మింగాల?" అనేది.

ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో ముత్యాలమ్మకి తెలుసు. రత్న బతికుండగా ఇంట్లో రోజూ ఆ మాట అన్నది తనే.

మంగ్లు మాట విన్న వారానికి మాధవి ఇంకోటి చెప్పింది. గోడవైపు తిరిగి, దిండుకి చెవి ఆన్చి పడుకుంటే రెండు గుండెలు వినిపిస్తున్నాయట. ఒకటి తనది. ఇంకోటి కాస్త వెనకగా, కుంటుతున్నట్టు.

"అక్క పరిగెత్తలేకపోయేది కదమ్మా. అలగే వత్తన్నాది ఎనకాల," అంది పిల్ల. భయపడుతూ చెప్పలేదు. అదే ముత్యాలమ్మని ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు ఆవిడ సిగ్నల్ బండ ఎక్కి బెంగుళూరుకి ఫోన్ చేసింది. ల్యాబులో ఈ పని చూసేవాడు జాయ్ అని, సాలూరు మిషను చర్చి దగ్గర పుట్టి పెరిగిన కుర్రాడు. యాస కలవడంతో మొదటి నుంచీ ఆవిడకి వాడంటే అభిమానం.

"ఆపీ బాబూ. నా గుంట ఇంటికి రాలేకపోతన్నాది," అంది.

ఇంకొకరైతే నవ్వేవారు. జాయ్ నవ్వలేదు.

"అమ్మా, మీతో అబద్ధమాడను. నాకూ ఆ కణాల ప్లేటు దగ్గర ఏదోలా ఉంటాది. దానికి చెవుల్లేవని తెలుసు. అయినా పక్కన ఎవరైనా తలుపు ధడాల్న వేస్తే నాకు కోపమొచ్చేస్తాది. గట్టిగా మాట్లాడొద్దని చీటీ కూడా అతికించాను," అన్నాడు. "కానీ ఇంకో నాలుగు వారాలివ్వండి. అసలు పరీక్ష ఇప్పుడే మొదలెట్టాం. ఇప్పుడాపితే మాధవిది ఎప్పటికీ తేలదు."

ముత్యాలమ్మ బండ మీద కూర్చుండిపోయింది. కింద కాఫీ తోటల మీద మంచు పాకుతోంది. ఒక పిల్ల ఇంటికి రావాలంటే ఇంకో పిల్ల గాలిలో దీపం కావాలి. ఏ తల్లికైనా ఇంత పరీక్ష పెడతాడా దేవుడు? తిట్టింది దేవుణ్ణి, నోరారా తిట్టింది. తర్వాత, "నాలుగే వారాలు," అంది.

ఆ నాలుగు వారాలు ఆవిడ మాధవిని హాస్టలుకి పంపలేదు. మాత్ర తన చేత్తో వేసి, మింగిందాకా నోరు తెరిపించి చూసేది. పిల్ల దిండుని కూడా ఆవిడే తీసి దాచేసింది. రోజూ పొద్దున్నే బొటనవేలు పట్టుకుంటే అది మంచులా తగిలేది. పిల్ల కళ్ళు తెరవడానికి రోజురోజుకీ ఎక్కువసేపు పడుతున్నట్టుండేది. ఒక పొద్దున్న ఆవిడ నొక్కుతూ నొక్కుతూ లెక్క తప్పింది. మాధవి కళ్ళు తెరిచి, "నువ్వు కాదు, ఇందాక అక్క నొక్కింది," అని, మళ్ళీ నిద్రపోయింది.

ఐదో వారం విశాఖ నుంచి పిలుపు వచ్చింది. అనురాధ గదిలో టీవీ అంత కంప్యూటరు, అందులో జాయ్.

"ముందు చూపిస్తాను. ధైర్యంగా ఉండండమ్మా," అన్నాడు.

తెర మీద బూడిదరంగు పొర ఒకటి కనిపించింది. గంజి చల్లారాక పైన కట్టే మీగడలా పలచగా ఉంది. అది కదిలింది. మొత్తం ఒక్కసారిగా ముడుచుకుని, వదులైంది. మళ్ళీ ముడుచుకుంది. దాని చుట్టూ మనిషి లేడు, ఒళ్ళు లేదు, రత్న నవ్వు లేదు. గుండె మాత్రం పని చేసుకుంటోంది. ముత్యాలమ్మకి ఏడుపు రాలేదు. తెలియకుండానే చెయ్యి ముందుకి చాపి తెర కింది అంచు మీద బొటనవేలితో నొక్కింది.

జాయ్ విడమరిచి చెప్పాడు. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకునేముందు సర్దుకోవాలి. కణాల గోడల్లో తలుపుల్లాంటివి ఉంటాయి. అవి సరిగ్గా తెరుచుకుంటేనే ఆ సర్దుబాటు జరుగుతుంది. రత్న కణాల్లో ఆ తలుపులు సగం కూడా లేవు. అవే కణాల్లో ఆ ఒక్క అక్షరాన్ని దిద్ది పక్క ప్లేటులో పెంచితే, అవి చక్కగా కొట్టుకున్నాయి. కాబట్టి తప్పు ఆ అక్షరానిదే. సర్దుకోకముందే ఉలికిపాటు తగిలితే గుండె లయ తప్పుతుంది. పుంజు కూతైనా, గంటైనా, మందుగుండైనా.

"తేలిపోయిందమ్మా," అంది అనురాధ. "మాధవి మాత్ర మానకూడదు. ఒక్క పూట కూడా."

"ఇంకోటి," అన్నాడు జాయ్. "మీది మలేరియా ఊరు కదా. అందుకని నేనే అడిగి ఆ గోళీ మందు కూడా చుక్క వేసి చూశాను. చాలామందికి ఏం కాదు. వీళ్ళకి మాత్రం ఉన్న ఆ కాసిని తలుపులూ మూసేస్తాది. చూడండి."

తెర మీది పొర ముడుచుకుంది. వదులవడానికి చాలాసేపు తీసుకుంది. మళ్ళీ ముడుచుకోబోయి తడబడింది. అంచులు ఒకవైపు, నడుము ఒకవైపు లాక్కుపోయాయి. సన్నగా, గజిబిజిగా వణికింది. ఆగిపోయింది.

ముత్యాలమ్మ దాన్ని గుర్తుపట్టింది. తన చేతిలో వేలు ఉండగా జరిగింది అదే.

"రెండు రోజులేసినాను మేడమ్," అంది. "నా సేత్తోనే. నానే ఇచ్చినాను."

అనురాధ లేచి వచ్చి భుజం పట్టుకుంది. జొరానికి ఇవ్వవలసింది ఇచ్చారు, మీకు తెలీదు, గోళీ లేకపోయినా ఆ కూతకి జరిగేదేమో అంది. అన్నీ నిజాలే. నిజాలు వింటే కడుపుకోత తగ్గుతుందా? పదమూడేళ్ళుగా ఆ ఇంట్లో పిలిచేదెవరో అని ఆవిడ గోడలకి, చెట్లకి, పుంజులకి భయపడింది. చివరికి ఆ పిలిచేదానికి దారి చూపించింది తన చెయ్యేనని ఆవిడకి అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు ఆపెయ్యమంటారా అమ్మా?" జాయ్ అడిగాడు. "లేదంటే గడ్డకట్టించి దాచొచ్చు. చావవు, కొట్టుకోవు. ఇలాంటి ఇంకో ఇల్లు దొరికితే పనికొస్తాయి."

"నిద్దరోయినట్టా?"

"అచ్చం అలాగే."

"పడుకోబెట్టీ నాయినా. మళ్ళీ లేపాలంటే నన్నడిగి లేపు. అరవకుండా లేపు."

జాయ్ తల ఊపాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. బస్సు దిగి నేరుగా పుట్టింటి ఊరు నడిచింది. గాసి వాకిట్లో అడ్డాకుల విస్తళ్ళు కుడుతున్నాడు. వాకిట్లో ఒక్క పుంజు లేదు. అక్కని చూసి లేచి నిలబడి, ఎప్పటిలాగే తల వంచుకున్నాడు.

"తలెత్తరా," అంది ముత్యాలమ్మ. "నీ పుంజొక్కటే కాదురా. నానిచ్చిన గోళీ. నీ మీదేసినాను అంతా. ఇన్ని నెలలూ ఊరంతా నిన్ను సంపుతుంటే సూత్తూ ఊరుకున్నాను."

గాసి తన చేతిలో ఆకు ముక్కలు ముక్కలుగా చింపాడు. ఆఖరికి, "నానే తెచ్చినాను కదప్పా," అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది. "ఇద్దరం తెచ్చినాం." అక్కా తమ్ముడూ ఆ వాకిట్లోనే కూలబడి, ఇన్ని నెలల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చారు.

శుక్రవారం సాయంత్రం, ల్యాబులో కణాలు పడుకున్నాయని జాయ్ నుంచి కబురు వచ్చాక, నాలుగోసారి బూడిద పరిచారు. ఈసారి దీపం మేనమామ పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ దీపం పట్టవలసినవాణ్ణి గడప తొక్కనివ్వలేదు కదా! పిలవవలసినది తల్లి. పుట్టిన నాటి నుంచి ఆ పిల్లని ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి పిలవలేదు. ముందు మూడుసార్లూ ముత్యాలమ్మ గుసగుసగానే పిలిచింది. గాసి మోచేయి పట్టుకున్నాడు.

"రత్నా!" అంది. కొండ తిరిగి పలికింది. "రత్నా! ఓలి రత్నా! ఇంటికి రాయే!"

మంగ్లు బూడిద మీదకి వంగి చూశాడు. ఏమీ పడలేదు. అయినా లేచి, తువ్వాలు దులుపుకుని, "దారిలో ఉన్నాది," అని వెళ్ళిపోయాడు. చుట్టాలు అన్నాలు తిన్నారు, జీలుగు కల్లు తాగారు, మాట్లాడుకున్నారు. అలసిపోయిన ముత్యాలమ్మ ఎప్పుడు ఒరిగిందో ఆవిడకే తెలీదు.

ఎవరో కుడికాలి బొటనవేలు నొక్కుతున్నారు.

మెల్లగా, వదలకుండా నొక్కుతున్నారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. తెల్లవారుజాము వెలుతురు తలుపు సందులోంచి పడుతోంది. మాధవే అనుకుని, "ఒగ్గీయే, లెగుత్తన్నాను," అని ముత్యాలమ్మ కళ్ళు తెరిచింది. కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. మాధవి గదికి అటు మూల, గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతోంది. గాసి బయట అరుగు మీద గురక పెడుతున్నాడు.

బొటనవేలికి బూడిద అంటి ఉంది.

ముత్యాలమ్మ కేక పెట్టలేదు. ఆ ఇంట్లో కేక పెట్టకూడదు. కదలకుండా కూర్చుని, ఇంత పొద్దున్నే నన్నెందుకు లేపింది అనుకుంది. అప్పుడు తెలిసింది. లేచి, దూలం మీది రేకు డబ్బా తీసి చూసింది. నిన్న సాయంత్రం మాత్ర అట్టలోనే ఉంది. ఆ హడావుడిలో ఇవ్వడం మరిచిపోయింది.

దూరంగా, గెడ్డ అవతల ఎవరి పుంజో కూతకి గొంతు సవరించుకుంటోంది. ముత్యాలమ్మ ఒక చేత్తో మాధవి చెవి మూసి, రెండో చేత్తో దాని బొటనవేలు పట్టుకుంది. మాత్ర ఒళ్ళో సిద్ధంగా ఉంది. పిల్ల కళ్ళు తెరిచింది.

"నోరు తెరు," అంది తల్లి, గుసగుసగా. "అక్క ఇమ్మన్నాది."